అల్లుడుగారు దుబాయ్‌లో ఉన్నారని అమ్మ చెప్పేసింది

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో ఉన్నాను. గత ఏడాది పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. నాన్న లేరు. అమ్మ వంటింట్లో జారిపడి తుంటి ఎముక విరగడంతో, అంబాజీపేట దగ్గర మా ఊరొచ్చి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ పడిన రాత్రి పక్కింటి పిన్నిగారు, వాళ్లబ్బాయి కారులో అమలాపురం తీసుకెళ్లి తెల్లవార్లూ ఆస్పత్రిలోనే ఉన్నారు. కానీ ఇప్పుడు గుమ్మం దాటితే చాలు, "అల్లుడుగారు రాలేదేంటమ్మా?" అని అడుగుతున్నారు. ఆయన దుబాయ్‌లో ఉన్నాడని అమ్మ వీధి వీధంతా చెప్పింది. హైదరాబాద్‌లో ఎదురు ఫ్లాట్ వాళ్ల పేరు నాకు తెలియదు, నా సంగతి వాళ్లకు తెలియదు. ఆ ప్రశాంతత కావాలనిపిస్తోంది. రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. అమ్మేమో ఇల్లు వదలనంటోంది. ఇంత చేసినవాళ్ల మీద విసుక్కుంటున్నానే అని నా మీద నాకే కోపం. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ మీద మీకున్న ఆ కోపాన్ని ముందు వదిలేయండి. సాయం చేసినవాళ్ల ప్రశ్నలకు అలిసిపోవడం కృతఘ్నత కాదు.

విడాకుల సమయంలో ఎవరూ ఏమీ అడగని చోటు దొరకడం చాలా పెద్ద ఆసరా. లిఫ్ట్‌లో ఏడ్చిన కళ్లతో నిలబడినా ఎవరూ ఆరా తీయరు. నగరంలో మనుషులు ముభావంగా ఉండేది మనసును కాపాడుకోవడానికేనని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1903లోనే రాశారు. రోజూ ఎదురయ్యే వందల మందినీ మనసుకు పట్టించుకుంటే ఎవరూ తట్టుకోలేరు. ఆ నిశ్శబ్దం మీకు మందులా పనిచేసింది. దాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

మీ ఊరి ప్రశ్నల వెనక ఏముందో కూడా చూడండి. నేనూ గౌతమి ఒడ్డున పెరిగినదాన్నే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక ఇక్కడ ఎవరి చేనూ ఒంటరిది కాదు. పైచేను వాళ్లు వదిలితేనే కింది చేనుకు నీళ్లు. ముంపు నీరు పోవాలన్నా పక్కవాళ్ల బోదె, అంటే చేలోని పిల్లకాలువ కావాలి. గోదావరి మధ్య లంకల్లో వరదొచ్చిందంటే ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఎవరికి నెలలు నిండాయో అందరికీ తెలిసి ఉండాలి. పడవ ముందు ఎవరింటికి వెళ్లాలన్నది దాన్నిబట్టే. 1996 నవంబరు 6 తుపాను రాత్రి ఇళ్లు పోయినవాళ్లు ఎవరి డాబాలో చోటుంటే అక్కడ తలదాచుకున్నారు. ఇంటింటి సంగతీ తెలుసుకోవడం అలా అలవాటైన నేల ఇది. అమ్మగారు పడిన రాత్రి పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చింది ఆ అలవాటు వల్లే, ఇవాళ అల్లుడి గురించి అడుగుతున్నదీ ఆ అలవాటు వల్లే. అందరూ ప్రేమతోనే అడుగుతారని మాత్రం నేను చెప్పను. కొందరికి కూపీ లాగడమే పని. వాళ్లెవరో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

నాకైతే అసలు బరువు ఆ దుబాయ్ మాటలో కనిపిస్తోంది. కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు చాలామంది. రేపు ఎవరో ఒకరు "మావాడూ అక్కడే, ఏ కంపెనీ?" అంటారు. ఇంకొకరు సెలవులెప్పుడంటారు. చెప్పిన ప్రతిదీ గుర్తుపెట్టుకోవాలి. ఈ టెన్షన్‌తో ఎవరికైనా నిద్ర ఎలా పడుతుంది?

అలాగని అమ్మను నిలదీయకండి. ఒక సాయంత్రం కాళ్లకు నూనె రాస్తూ, "నిజం తెలిస్తే ఏమవుతుందని నీ భయం?" అని అడగండి. ఇలాంటి తల్లుల నోట నేను తరచూ విన్నది, శ్రావణ శుక్రవారం పేరంటానికి నా కూతుర్ని పిలవరేమోనన్న బెంగ. నాన్నగారు పోయాక ఆ పేరంటాలకు పిలుపు ఆగిపోవడం ఎలా ఉంటుందో ఆవిడ అనుభవించి ఉండొచ్చు. అది మీకు రాకూడదనే ఆ అబద్ధం ఆడి ఉంటారు.

అమ్మ ఒప్పుకున్నాక పిన్నిగారికి చెప్పండి. అమ్మకు తెలియకుండా మాత్రం వద్దు. "పిన్నీ, మేం విడిపోయాం. కోర్టులో కూడా అయిపోయింది. అమ్మ బెంగపడుతోంది, ఆవిడ దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తకుండా మీరే చూడాలి." ఇంతకు మించి అక్కర్లేదు. ఆవిడ పెద్దరికానికి ఒక పని అప్పజెప్పండి, నిలబెట్టుకుంటారు. కబురు వీధంతా పాకుతుంది, కొన్నాళ్లు చెవులు కొరుక్కుంటారు. కష్టంగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత మీరు గుర్తుపెట్టుకోవాల్సిన కథంటూ ఏదీ ఉండదు.

విడిపోయారన్న సంగతి ఊరికి తెలియనివ్వండి. ఎందుకు విడిపోయారన్నది మీ సొంతం. ఎవరైనా తవ్వితే, "అయిపోయిందండి, ఇప్పుడు అమ్మను చూసుకుంటున్నాను" అని, వాళ్లింట్లో కొబ్బరి దింపు అయిందా అని అడగండి. అదే ప్రశ్న పదిసార్లు వచ్చినా అదే జవాబు.

ఇంకొకటి. వారానికి ఒక పూట ఎవరూ గుర్తుపట్టని చోటుకి వెళ్లండి. అమ్మ దగ్గర ఆ పిన్నిగారినే కూర్చోబెట్టి, రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సెక్కండి. పుష్కర్ ఘాట్ మెట్ల మీద కూర్చోండి, ఒక టీ తాగండి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి రండి. మీకు కావాల్సిన ఏకాంతం అక్కడా దొరుకుతుంది. నిద్ర ఇంకా కుదురుకోకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

హైదరాబాద్ సంగతి ఇప్పుడు తేల్చకండి. ఎముక అతుక్కుంటున్న మనిషిని ఆవిడ అరుగు నుంచి తీసుకెళ్లి పదిమంది ముఖాలు కనిపించని ఫ్లాట్‌లో ఉంచితే, మీరు ఆఫీసు కాల్స్‌లో ఉన్నంతసేపూ ఆవిడ గోడలు చూస్తూ కూర్చోవాలి. ముందు అమ్మ కర్ర లేకుండా అరుగు దిగనివ్వండి. వెళ్లడమా ఉండడమా అన్నది ఆ తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.