పాత వస్తువులు – పాఠకుల ప్రశ్నలు: యూరప్ టైల్స్ పొయ్యిలు

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో రేగెన్స్‌బర్గ్ దగ్గర ఒక పాత ఇల్లు కొన్నాడు. అందులో ముదురాకుపచ్చ టైల్స్‌తో కట్టిన, మనిషి ఎత్తుకు మించిన పొయ్యి ఉంది. ఇప్పుడు వాడడం లేదు. కొత్త నిబంధనల ప్రకారం దాన్ని ఎలాగూ తీసేయవలసిందేనని అక్కడ ఎవరో చెప్పారట. విప్పించి తెప్పించి, గుంటూరులో మేము కట్టుకుంటున్న ఇంటి హాల్లో అలంకారంగా నిలబెట్టాలని నా కోరిక. ఇది సాధ్యమేనా? దానికి విలువ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సాధ్యమేనమ్మా. అయితే ఆ పొయ్యిని ఇంటి నుంచి కదిలించవచ్చో లేదో ముందుగా తేల్చుకోవాలి. జర్మనీలో రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న ఇంట్లో గోడను ఆనుకొని స్థిరంగా కట్టిన పొయ్యిని కూడా కట్టడంలో భాగంగానే చూస్తారు. సొంత ఇల్లే అయినా అనుమతి లేకుండా విప్పకూడదు. ఇల్లు ఆ జాబితాలో ఉందేమో స్థానిక పరిరక్షణ కార్యాలయంలో కనుక్కోమని మీ అబ్బాయికి చెప్పండి. తీసేయవలసిందేనన్న మాటను కూడా వెంటనే నమ్మవద్దు. 2010లో అమలులోకి వచ్చిన పొగ నియంత్రణ నిబంధనలు పాత పొయ్యిలకు గడువులు విధించిన మాట నిజమే గాని, 1950కి ముందు తయారైనట్లు రుజువు చేయగలిగిన వాటిని ఆ గడువుల నుంచి మినహాయించాయి. పొయ్యి పుట్టిన చోటనే, పనిచేసే స్థితిలో ఉండిపోవడానికి అవకాశముంటే దాన్ని అక్కడే ఉంచమనడం నా మొదటి సలహా.

ఎందుకంటే అది అలంకార వస్తువు కావడానికి ముందు ఒక యంత్రం. దాన్ని వంట కోసం కాక గదిని వెచ్చబరచడానికి కట్టారు. చాలా ఇళ్ళలో కట్టెలను వెనుకనున్న నడవా నుంచో వంటగది నుంచో వేసేవారు కనుక, కూర్చునే గదిలోకి బూడిద గాని పొగ గాని వచ్చేది కాదు. లోపలి పొగ నేరుగా పైకి పోకుండా ఇటుకల దారుల్లో మలుపులు తిరుగుతూ తన వేడిని ఆ ఇటుకకూ మట్టికీ అప్పగించి చల్లబడి బయటికి పోతుంది. ఆ దాచుకున్న వేడిని టైల్స్ గంటల తరబడి మెల్లగా గదిలోకి విడుస్తాయి. స్వీడన్‌లో కట్టెల కొరత తీవ్రమైనప్పుడు ప్రభుత్వం కోరిన మీదట కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెట్, ఫాబియన్ వ్రేడె అనే ఇద్దరు 1767లో పొగ ఐదు మార్గాల్లో కిందికీ పైకీ తిరిగేలా కొత్త నిర్మాణాన్ని రూపొందించారు. ఆ దేశపు మేడల్లో నేటికీ కనిపించే తెల్లని గుండ్రటి పొయ్యిల వెనుక ఉన్నది ఆ పొదుపు ఆలోచనే.

ఈ నిర్మాణం వల్లనే దాన్ని విప్పడం కూడా వీలవుతుంది. పొయ్యి టైల్ మన స్నానాలగది టైల్‌లాగా పలుచని పలక కాదు. దాని వెనుక చుట్టూ మట్టి అంచు లేచి ఉండి, మూతలేని పెట్టెలా కనిపిస్తుంది. ఆ బోలులో బంకమట్టి, పెంకుముక్కలు కూరి, పక్క టైల్‌తో ఇనుప తీగలతోనూ కొక్కేలతోనూ బిగిస్తారు. అతుకుల్లో వాడేది సిమెంటు కాదు, బంకమట్టి. కనుక ఆ పని తెలిసిన పొయ్యి మేస్త్రి పైవరుస నుంచి మొదలుపెట్టి, దెబ్బ తగలకుండా ఒక్కొక్కటిగా ఊడదీయగలడు. విప్పక ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయించాలి. ప్రతి టైల్‌కూ అంకె వేసి, అదే అంకెను కాగితం మీది నక్షాలో గుర్తించాలి. ఇనుప తలుపులు, జాలీలు, పైన ఉండే అంచుపట్టీలు, మూలల టైల్స్ ఒక్కటి కూడా వదలకూడదు, ఎందుకంటే మూల టైల్ ఒక్కటి పోయినా మళ్ళీ దొరకడం చాలా కష్టం. ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన లేదా మరమ్మతు చేసిన పొయ్యిల్లో తలుపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ తాడు ఉండే అవకాశముంది. దాన్ని నిపుణుల చేతనే తీయించండి.

పూర్తి పొయ్యి బరువు కొన్ని వందల కిలోల నుంచి టన్ను దాటేదాకా ఉంటుంది. గుంటూరు ఎండల్లో మీరు దాన్ని వెలిగించబోరు కనుక లోపలి ఇటుకల కట్టడం అక్కరలేదు. విడిగా నిలబడే ఇనుప చట్రానికి టైల్స్‌ను మాత్రమే అమర్చుకుంటే బరువు బాగా తగ్గుతుంది. అయినా మేడ మీద పెట్టేటట్లయితే ఇంజినీరును అడగకుండా పెట్టవద్దు. అతుకులకు బంకమట్టి గాని సున్నం గాని వాడించండి, సిమెంటును మాత్రం దగ్గరికి రానీయవద్దు. ఒకసారి సిమెంటు పట్టిన టైల్‌ను పగలకుండా ఎవరూ ఊడదీయలేరు.

ఇక చట్టం సంగతి. వందేళ్ళు దాటి, నిర్ణీత విలువను మించిన పాత వస్తువులను యూరోపియన్ యూనియన్ దాటించడానికి ఎగుమతి అనుమతి కావాలి. ఇక్కడ కస్టమ్స్‌కు వస్తువు వయసు, ధర ఉన్నవి ఉన్నట్లు చూపే పత్రాలు ఇవ్వండి. మన 1972 పురావస్తువుల చట్టం వందేళ్ళు పైబడిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం నుంచి బయటికి పంపడాన్ని నిషేధించింది. ఎప్పుడైనా దాన్ని తిరిగి పంపే ఆలోచన ఉంటే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అమరావతి సర్కిల్ వారిని తెచ్చుకోక ముందే సంప్రదించడం మేలు.

విలువ విషయంలో ఆశలు మితంగా పెట్టుకోండి. సాల్జ్‌బర్గ్ కోటలోని 1501 నాటి పొయ్యి, విల్లింగెన్ కుమ్మరి హాన్స్ క్రౌట్ 1577–78లో ఒక సన్యాసినుల మఠానికి చేయగా ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న పొయ్యి, స్విట్జర్లాండ్‌లో వింటర్‌టూర్ నగరపు ఫావ్ కుటుంబం వారి బొమ్మల పొయ్యిలు, ఇలాంటివి మ్యూజియం స్థాయి వస్తువులు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగానికి వచ్చేసరికి బెర్లిన్ దగ్గరి వెల్టెన్ వంటి ఊళ్ళలో ఫ్యాక్టరీలు పొయ్యి టైల్స్‌ను పెద్ద ఎత్తున తయారుచేశాయి. నేడు ఇళ్ళలో మిగిలినవి ఎక్కువగా ఆ కాలానివీ ఆ తరువాతివీ. వాటికీ అందం ఉంది, చరిత్ర ఉంది. ధర మాత్రం పొయ్యి ఎంత పూర్తిగా ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది.

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో ఒక ఆకుపచ్చ పొయ్యి టైల్ కొన్నాను. దాని మీద కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ, 1561 అనే సంవత్సరం ఉన్నాయి. అమ్మినవారు పదహారో శతాబ్దపు అసలు టైల్ అంటున్నారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, సూర్యారావుపేట, విజయవాడ

జవాబు: టైల్ మీద సంవత్సరం ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఆ అంకెలు అచ్చులో చెక్కినవి. అచ్చు ఒక కుమ్మరి నుంచి ఇంకొకరికి, ఒక తరం నుంచి ఇంకొక తరానికి చేరుతూ అదే సంవత్సరాన్ని ముద్రిస్తూ పోతుంది. పైగా 1870 తరువాత జర్మనీలో పదహారో శతాబ్దపు శైలి మీద మోజు పెరిగి, రాజులు, సద్గుణ దేవతలు, బైబిల్ దృశ్యాలు ఉన్న ఆకుపచ్చ టైల్స్‌ను మళ్ళీ విరివిగా చేశారు. అవి మోసపు సరుకు కావు, తమ కాలానికి నిజాయితీగా చేసినవే. అమ్మేవారు వాటికి మూడు వందల ఏళ్ళు కలిపి చెప్పడమే తప్పు.

టైల్‌ను బోర్లించి వీపు చూడండి. పాత పనివాడు మట్టి పలకను గుడ్డతో అచ్చులోకి అదిమేవాడు కనుక వెనుక నేత గుర్తులు, వేలిముద్రలు ఉంటాయి. అంచు చేత్తో అతికించినది కాబట్టి మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నిజంగా పొయ్యిలో ఉన్న టైల్ అయితే మసి, ఎండిన బంకమట్టి, తుప్పుపట్టిన తీగ జాడలు కనబడాలి. నున్నగా, ఒకే మందంతో, శుభ్రంగా ఉంటే అది కొత్తదనే అనుమానించాలి. ముందువైపు చూడవలసినది బొమ్మ పదును. తయారైన టైల్ మీద నుంచి తిరిగి అచ్చు తీసి నకలు చేస్తే, మట్టి ఆరి కాలేటప్పుడు కుదించుకుపోతుంది కనుక నకలు అసలు కన్నా కొంచెం చిన్నదవుతుంది, ముక్కు, వేళ్ళు, గడ్డపు వెంట్రుకలు మొద్దుబారుతాయి. అదే బొమ్మ ఉన్న మ్యూజియం టైల్ కొలతలను మీ టైల్ కొలతలతో పోల్చి చూడండి. మీరు పంపిన ఫొటోల్లో ముఖం మాత్రమే ఉంది. వీపు చూడకుండా నేను గాని, మరెవరు గాని వయసు చెప్పడం సరికాదు.

ప్రశ్న: రెండు పాత పొయ్యి టైల్స్ వెనుక మసి పేరుకొని ఉంది. యాసిడ్‌తో కడిగి గోడకు అతికించవచ్చునా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. ఆ మసి మురికి కాదు, ఆ టైల్ పొయ్యిలో పనిచేసిందనడానికి ఉన్న సాక్ష్యం. యాసిడ్ గ్లేజునూ (టైల్ మీది గాజులాంటి పూతనూ), గ్లేజు లేని మట్టినీ కూడా తినేస్తుంది. ముఖాన్ని మెత్తని తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరనివ్వండి. వీపును పొడి కుంచెతో మాత్రమే దులపండి. గోడకు సిమెంటుతో అతికిస్తే వానాకాలపు చెమ్మతో పాటు సిమెంటులోని లవణాలు మట్టిలోకి ఎక్కి, ఆరినప్పుడు స్ఫటికాలై గ్లేజును పొరలుగా లేపుతాయి. ఎప్పుడైనా తీసుకోగలిగేలా ఇత్తడి కొక్కేల మీద గాని, కర్ర చట్రంలో గాని, గోడకు కొంచెం ఎడంగా నిలపండి. ఈ ఆకుపచ్చ గ్లేజు సాధారణంగా రాగి కలిపిన సీసపు గ్లేజు కనుక దాన్ని గీకడం, రుద్దడం చేయవద్దు; వాటి మీద తినే పదార్థాలు పెట్టవద్దు, పెచ్చులు ఊడుతున్న టైల్‌ను పిల్లల చేతికి అందనివ్వవద్దు.