తమ్ముడి పాట ‘టాప్ 100’లోకి రావాలంటే డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మా తమ్ముడు ఉద్యోగం చేసుకుంటూనే నాలుగేళ్లుగా సొంతంగా పాటలు చేసి విడుదల చేస్తున్నాడు. వెనక ఏ మ్యూజిక్ కంపెనీ (లేబుల్) లేదు. ఈమధ్య ఒక ప్రమోషన్ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి కొత్త పాటను ‘టాప్ 100’లోకి తెస్తామన్నారట. ప్యాకేజీ ఖరీదు నా ఎనిమిది నెలల జీతం. అడ్వాన్సు క్రెడిట్ కార్డు మీద కట్టేశాడు. మిగతాది నా ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఇమ్మంటున్నాడు, పాట హిట్టయితే వడ్డీతో సహా తీర్చేస్తాడట. నాకు ఆ డిపాజిట్ తప్ప వేరే పొదుపు లేదు. పోయిన ఏడాది వాడి పాటలన్నీ కలిపి 2,40,000 సార్లు ప్లే అయ్యాయి, వచ్చిన డబ్బు నా నాలుగు రోజుల జీతమంత. వాణ్ని నొప్పించడం ఇష్టం లేదు. కొటేషన్ కాపీ జతచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: డిపాజిట్ ముట్టుకోకండి. తమ్ముడికి సాయం చేయొద్దని నేను అనడం లేదు, ఈ ప్యాకేజీకి మాత్రం వద్దంటున్నాను.

కారణం మీరు రాసిన అంకెల్లోనే ఉంది. 2,40,000 ప్లేలకు నాలుగు రోజుల జీతం వచ్చింది. ప్యాకేజీ ఎనిమిది నెలల జీతం, అంటే సుమారు 240 రోజులది. అరవై రెట్లు. పెట్టిన డబ్బు పెట్టినట్టు వెనక్కి రావాలన్నా ఆ ఒక్క పాట 1 కోటి 44 లక్షల సార్లు ప్లే కావాలి. వడ్డీ సంగతి ఆ తర్వాత. అలా ఎవరికీ జరగదని అనను, జరిగినవాళ్లున్నారు. కాకపోతే అది మీకున్న ఒక్క పొదుపునీ పణంగా పెట్టే విషయం కాదు. ఇదే లెక్క తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని పాటల్ని స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ పంపిన స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి వేయండి. మీరు వద్దన్నట్టు ఉండదు, అంకెలే చెప్తాయి.

చార్టుల సంగతి కూడా మీకు కొంత తెలిసి ఉండాలి. అమెరికాలో వారంవారం పాటలకు ర్యాంకులిచ్చే, 1958లో మొదలైన బిల్‌బోర్డ్ హాట్ 100నే తీసుకోండి. ఒక వారంలో పాటకు వచ్చిన స్ట్రీములు (ఆన్‌లైన్ ప్లేలు), రేడియోలో ప్రసారాలు, అమ్మకాలు కలిపి ర్యాంకు ఇస్తారు. వారం శుక్రవారంతో మొదలై గురువారంతో ముగుస్తుంది. కొత్త పాటలు ప్రపంచమంతటా శుక్రవారమే విడుదల చేసే పద్ధతి 2015 జులై నుంచి ఉంది. అంటే చార్టు చూసేది ఆ ఏడు రోజుల్నే. వారానికి వెయ్యి చొప్పున ఏడాదంతా వచ్చిన 52,000 ప్లేలకూ, ఒకే వారంలో వచ్చిన 52,000 ప్లేలకూ చేతికొచ్చే డబ్బు ఇంచుమించు ఒకటే. చార్టు వైపు కదిలేది మాత్రం రెండోదే. ర్యాంకు వేరు, రాబడి వేరు. ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు, మీ తమ్ముడు కూడా అలాగే విన్నట్టున్నాడు.

ఇక కొటేషన్. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘టాప్ 100 చార్ట్ పుష్’ అని ఉంది. ఏ చార్టో, ఏ దేశానిదో, ఏ వారానిదో లేదు. డౌన్‌లోడ్ల అమ్మకాలు బాగా తగ్గిపోయిన ఈ రోజుల్లో, ఏదో చిన్న దేశపు డౌన్‌లోడ్ చార్టులో, అందులోనూ ఒక ఉపవిభాగంలో, కొద్దిపాటి కొనుగోళ్లకే పాట పైకి వచ్చేస్తుంది. ఆ కాపీలు మీ డబ్బుతో వాళ్లే కొనవచ్చు. ఒక పూట కనిపించిన ర్యాంకును స్క్రీన్‌షాట్ తీసి పంపితే వాళ్ల పని అయిపోయినట్టే. మూడో పేజీ అడుగున ‘ఫలితాలకు హామీ లేదు’ అని చిన్న అక్షరాల్లో ఉంది, చూశారా? ఫోన్లో ఇచ్చిన మాట కాగితం మీద లేదు.

నన్ను అన్నింటికన్నా భయపెట్టింది రెండో పేజీలోని ‘గ్యారంటీ స్ట్రీములు’ అన్న లైను. నిజమైన శ్రోతలు వింటారని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. గ్యారంటీ ఇచ్చేది యంత్రాలతో ఆడించే ప్లేలకే. పాటల యాప్ స్పాటిఫై అలాంటివి పట్టుకుంటే వాటికి రాయల్టీ ఇవ్వదు, చార్టు లెక్కలోంచి తీసేస్తుంది. మరీ ఎక్కువగా ఉంటే 2024 నుంచి పాటకు ఇంతని డిస్ట్రిబ్యూటర్ దగ్గర జరిమానా వసూలు చేస్తోంది. డిస్ట్రిబ్యూటర్ దాన్ని కళాకారుడి మీదే వేయవచ్చు, పాటను పూర్తిగా తీసేయనూవచ్చు. నకిలీ ప్లేలతో కోటి డాలర్లకు పైగా రాయల్టీ రాబట్టాడన్న ఆరోపణతో అమెరికాలో 2024లో ఒక సంగీతకారుడి మీద క్రిమినల్ కేసే పెట్టారు. మీ తమ్ముడిది ఆ స్థాయి కాదనుకోండి. అయినా నాలుగేళ్ల కష్టం ఒక ఖాతాలో ఉంది, ఆ ఖాతాకు మచ్చ పడితే పోయేది అతనిదే, కంపెనీది కాదు.

సరే, సాయం చేయాలనుకుంటే ఎలా? అప్పుగా వద్దు. నెలనెలా మీ ఖర్చులు, పొదుపు పోగా మిగిలినదాంట్లోంచి, తిరిగి రాకపోయినా బాధ పడనంత మొత్తం, ఒక ఏడాదికి పరిమితి పెట్టుకుని, బహుమతిగా ఇవ్వండి. అక్కాతమ్ముళ్ల మధ్య ‘హిట్టయితే ఇస్తా’ అనే బాకీ ఉంటే ప్రతి పాటా మీ ఇద్దరికీ టెన్షనే.

ఆ డబ్బు ఖర్చయ్యేలోపు, పెద్దగా ఖర్చు లేని పని ఒకటి చేయించండి. పాటకు రెండు హక్కులుంటాయి: సాహిత్యం, బాణీ ఒకటి, రికార్డింగు మరొకటి. డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చేది ప్రధానంగా రికార్డింగు డబ్బే. సాహిత్యం, బాణీల రాయల్టీ పాటల రచయితల, స్వరకర్తల హక్కుల సంఘాల ద్వారా వస్తుంది, సభ్యత్వం తీసుకుని ఒక్కో పాటనూ నమోదు చేస్తేనే. సొంతంగా పాటలు చేసుకునే చాలామంది ఇక్కడే డబ్బు వదిలేసుకుంటారు. ప్రతి రికార్డింగుకూ దాన్ని గుర్తుపట్టేందుకు 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుంది, అది ప్రతిచోటా ఒకేలా ఉందో లేదో చూసుకోమనండి. ఒకే పాట రెండు కోడ్‌లతో తిరిగితే లెక్కలు చీలిపోయే ప్రమాదముంది. పాటలో స్నేహితుల చెయ్యి ఉంటే ఎవరి వాటా ఎంతో విడుదలకు ముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టించుకోవాలి. పాట నడిచాక ఆ మాటెత్తితే స్నేహం చెడుతుంది.

స్పాటిఫైలో ఇంకో మెలిక ఉంది. గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని పాటకు రికార్డింగు రాయల్టీ రాదు. మీ తమ్ముడి 2,40,000 ప్లేలలో ఎన్ని పాటలు ఈ గీత దాటాయో చూడమనండి. రెండుమూడు పాటలే మోస్తూ ఉంటే కొత్త ఖర్చు వాటి మీదే పెట్టడం మేలు.

డబ్బు పెట్టాల్సినవి మిక్సింగ్, మాస్టరింగ్ (రికార్డు చేసిన శబ్దాల్ని కలిపి, విడుదలకు తగ్గట్టు మెరుగుపరచడం), ఆ తర్వాత ప్రకటనలు. ప్రకటనలకు అనుకున్న మొత్తంలో పదో వంతు ముందు పెట్టి రెండు వారాలు చూడాలి. ప్లేల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. విన్నవాళ్లలో ఎంతమంది పాటను సేవ్ చేసుకున్నారు, ఎంతమంది మళ్లీ వచ్చారు అన్నది ముఖ్యం. అది కదలకపోతే మిగతా తొమ్మిది వంతులూ జేబులోనే ఉంచుకోవాలి. స్పాటిఫై సొంత ప్లేలిస్టుల ఎడిటర్లకు పాట పంపడం ఉచితం, ఆర్టిస్టు ఖాతాలోంచే పంపవచ్చు. కనీసం ఏడు రోజుల ముందు పంపాలి, నేనైతే నెల ముందు పంపమంటాను. అదే పనికి కొటేషన్‌లో వేరే చార్జీ వేశారు, గమనించండి.

చార్టు మీద ఆశ వదులుకోలేనంటే, దానికీ దారి నేరుగా కొనే అభిమానులే. 2018లో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టుకు పెట్టిన లెక్కలో ఒక ఆల్బమ్ అమ్మకం 1,250 చందాదారుల స్ట్రీములకు, లేదా 3,750 ఉచిత స్ట్రీములకు సమానం. ఈ నిష్పత్తులు మధ్యలో మారుస్తుంటారు, అయినా కొన్నవాడి విలువ ఎంతో తెలుస్తుంది. కళాకారులు పాటల్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ లాంటి సైట్‌లో డిజిటల్ అమ్మకంలో 15 శాతం పోగా చాలావరకు కళాకారుడికే మిగులుతుంది. అందుకే వంద మంది అభిమానుల ఈమెయిల్ చిరునామాలు పోగుచేయడాన్ని నేను ఏ ‘పుష్’ కన్నా ముందు పెడతాను.

చివరగా అడ్వాన్సు. ఒప్పందం మీద సంతకం అయ్యిందా, రద్దు నిబంధన ఏముందో ఇవాళే చూడండి. రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వమని ఫోన్లో కాకుండా ఈమెయిల్లో అడగాలి. ‘గ్యారంటీ స్ట్రీములు’ ప్లాట్‌ఫాంల నియమాలకు విరుద్ధం కాబట్టి ఈ సేవ మాకొద్దని కారణం రాయండి. వాళ్లు ఇవ్వబోమంటే కొటేషన్, ఈమెయిళ్లు జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపుపై అభ్యంతరం) వేయమనండి. దానికి గడువుంటుంది, ఆలస్యం చేయొద్దు. ఈలోపు కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకోవద్దు. అడ్వాన్సు వెనక్కి రాకపోయినా సరే, అది పోతుందన్న బాధతో మిగతాది మాత్రం కట్టకండి.