పాత జాడీలో ద్రవం తగ్గితే నీళ్లు పోయొచ్చా?

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియంలో పాత పాములు, చేపలు గాజు జాడీల్లో ఉన్నాయి. ద్రవం పసుపెక్కింది, కొన్నింటిలో సగానికి దిగింది. నీళ్లు పోసి నింపొచ్చా? స్టఫ్ చేసిన పాలపిట్టకు ఈకలు రాలుతున్నాయి, ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నీళ్లు మాత్రం పోయకండి. ముందు అది ఫార్మలినా (నీళ్లలో కరిగించిన ఫార్మాల్డిహైడ్), స్పిరిటా (ఆల్కహాల్) తేల్చుకోండి. మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూడొద్దు, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ వేయండి. స్పిరిట్ నీటికన్నా తేలిక, ఫార్మలిన్ కాస్త బరువు. స్పిరిట్‌లో ముందు ఆల్కహాలే ఆవిరవుతుంది, మిగిలింది అప్పటికే పలచబడి ఉంటుంది. నీళ్లు తోడైతే స్పెసిమెన్ కుళ్లుతుంది. అలాంటి జాడీలో మొత్తం తీసేసి కొత్తగా 70 శాతం ఆల్కహాల్ పోయడమే మేలు.

ఫార్మలిన్ అయితే ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ పేపర్ ముంచి చూడండి. పాతబడ్డ ఫార్మలిన్‌లో ఫార్మిక్ ఆమ్లం తయారై ఎముకల్లోని సున్నాన్ని కరిగిస్తుంది. పాము పక్కటెముకలు మెత్తబడేది అందుకే. పీహెచ్ 6 కన్నా తక్కువ చూపిస్తే ఆమ్లం పెరిగినట్టే, ద్రవం మొత్తం మార్చాలి. కొత్త ద్రవం లీటరుకు: షాపులో దొరికే ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., మోనోసోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పసుపు రంగు చాలావరకు కొవ్వు, రంగు పదార్థాలు దిగినందువల్లే, దాన్ని చూసి కంగారుపడొద్దు. అడుగున తెల్లటి మడ్డి ఉంటే అది ఫార్మాల్డిహైడే గడ్డకట్టిన పారాఫార్మాల్డిహైడ్ కావచ్చు, కుళ్లు కాదు.

ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ గూడు) తప్పనిసరి. గుడ్డ మాస్కు దీన్ని ఆపదు. తీసిన ద్రవాన్ని సింకులో పారబోయకుండా రసాయన వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించండి. మన వరంగల్ ఎండలకు మూతలకు రాసిన వ్యాసలైన్ కరిగి కారుతుంది. పాతది తుడిచి పలుచగా మళ్లీ రాసి, కిటికీకి దూరంగా పెట్టండి.

చిరిగినా సరే, లేబుల్ పారేయకండి. ‘పాకాల చెరువు’ అనీ, తేదీ అనీ ఉన్న చీటీ పోతే ఆ చేప పరిశోధనకు పనికిరాదు. మందపాటి కాటన్ కాగితంపై పెన్సిల్‌తో మళ్లీ రాసి, పాతదానితో పాటే జాడీలో వేయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

ఇక పాలపిట్ట. పాత స్టఫింగ్‌లో ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. వట్టి చేతులతో దులపొద్దు, పిల్లల్ని ముట్టనివ్వొద్దు. ఈకల కింద పొడి, పురుగు పొట్టు కనిపిస్తే పాలిథీన్ కవరులో గట్టిగా చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒకరోజు కవరు విప్పొద్దు, చల్లటి ఈకలకు గాలిలోని తేమ పట్టి బూజు వస్తుంది. ఆ ఫ్రీజర్‌లో తినేవేవీ పెట్టొద్దు.