హెలికాప్టర్ దిగి బకెట్ దగ్గరికి రా

బిడ్డా,

నీ కథ చేరింది. ఆరో పేజీ దాకా ఆగకుండా చదివాను. ఏడో పేజీలో హెలికాప్టర్ వచ్చింది. "పైనుంచి మందు చల్లగానే బండల మీది నల్లటి జిడ్డంతా మాయమైంది, సముద్రం మళ్లీ నీలంగా నవ్వింది" అని రాశావు. అక్కడ నాకు కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను. చల్లారితే మర్యాదకు నాలుగు మంచి మాటలు రాసి పంపేస్తాను, వాటితో నీకు పనిలేదు.

అచ్చంపేట దగ్గర పుట్టిన పిల్లకు సముద్రం ఎందుకని మీ కాలేజీలో ఎవరో అన్నారట. ఆ మాట మనసులో పెట్టుకోకు. పాలమూరు కూలీ ఎక్కడికి పోతే అక్కడి కథ మనదే. మీ మేనమామ మేస్త్రీ వెంట చెన్నై రేవు పనికి పోయాడు కాబట్టి చెన్నై పక్కనున్న ఎన్నూరు నీకు పరాయి ఊరు కాదు. కథలో ఊరి పేరు దాచావు గానీ, 2017 జనవరి 28న అక్కడ రెండు ఓడలు గుద్దుకుని చమురు ఒలికిన సంగతి గుర్తున్నవాళ్లు వెంటనే పోల్చుకుంటారు. ఆ తర్వాత జనం ఒడ్డున నిలబడి జిడ్డును బకెట్లతో ఎత్తిపోశారు. అది నిజంగా జరిగింది, నువ్వూ ఉన్నదున్నట్టే రాశావు. అంత నిజం రాసినదానివి, కథ తొందరగా ముగియాలని హెలికాప్టర్‌ను పిలిచావు.

ముందు ఆ మందు సంగతి మాట్లాడుకుందాం. డిస్పర్సెంట్ అంటారు దాన్ని. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి నువ్వు ఏ లైబ్రరీకీ పోనక్కర్లేదు. మీ ఇంట్లో పత్తి వేస్తారు కదా. మీ నాన్న క్లోరిపైరిఫాస్ డబ్బా తెచ్చి, మూతతో కొలిచి బకెట్లో పోయడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నావు. డబ్బాలో ఉన్నప్పుడు అది తేటగా, నూనెగా ఉంటుంది. నీళ్లలో పడగానే తెల్లగా పాలలాగా విచ్చుకుంటుంది. కట్టెతో రెండు తిప్పులు తిప్పితే బకెట్ అంతా పాలే. మందు ఎక్కడికైనా పోయిందా? పోలేదు. నూనెలో కరిగిన విషాన్ని సన్నటి చుక్కలుగా చీల్చి, నీళ్లంతటా పట్టి ఉంచే సబ్బు జాతి రసాయనం ఆ డబ్బాలోనే కలిపి ఉంటుంది. సముద్రం మీద చల్లే దానిలోనూ ఉండేవి ఇవే రెండు: సబ్బు జాతి రసాయనం, దాన్ని మోసుకుపోయే సాల్వెంట్. నీటి మీద తెట్టుగా తేలే చమురును అది కంటికి ఆనని చుక్కలుగా విడగొట్టి నీళ్లలోకి దించుతుంది. చమురు ఉన్నంతా ఉంటుంది. పైన ఉన్నది కిందికి పోతుంది, అంతే.

ఇంకో తప్పు కూడా చేశావు. ఒడ్డు దగ్గర, లోతు తక్కువ ఉన్న నీళ్లలో ఈ మందు మామూలుగా వాడరు. ఓడల ఇంజన్లలో కాల్చే చిక్కటి నూనె, అందులోనూ రోజుల తరబడి ఎండకు, అలలకు గడ్డకట్టిన నూనె మీద అది సరిగా పనిచేయదు. మన దేశంలో దాన్ని వాడాలా వద్దా అని తేల్చేది కోస్ట్‌గార్డ్. 2025 మే 25న కొచ్చి దగ్గర ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ మునిగినప్పుడు కోస్ట్‌గార్డ్ విమానంతో చల్లించింది, అది తీరానికి దూరంగా, సముద్రం మీద. నీ కథలో బండల మీద చల్లించావు. బండల మీద చల్లితే ఏమవుతుందో ప్రపంచానికి ఎప్పుడో తెలుసు.

1967 మార్చిలో ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ దగ్గర టోరీ కాన్యన్ అనే ఓడ రాళ్లకు తగిలి పగిలింది. లక్ష టన్నులకు పైగా ముడిచమురు. అక్కడి ప్రభుత్వం కంగారుపడి దాదాపు పది వేల టన్నుల డిటర్జెంట్లు సముద్రంలో, ఒడ్డున, బండల మీద గుమ్మరించింది. బండలకు అతుక్కుని నాచు మేసుకుంటూ బతికే నత్తలు చమురు కంటే ఆ మందుకే ఎక్కువ చచ్చాయి. మేసేవి లేక బండలన్నీ పచ్చటి నాచుతో నిండిపోయాయి. చూసినవాళ్లకు పచ్చగా, బాగానే కనిపించి ఉంటుంది. మందు పోయకుండా వదిలేసిన చోట రెండు మూడేళ్లలో తీరం కోలుకుంది, బాగా పోసిన చోట పది పదిహేనేళ్లు పట్టింది. ఇప్పటి మందులు అప్పటివాటంత విషం కావు, ఆ మాటా చెప్పాలి. కానీ నీ ఏడో పేజీ 1967లోనే ఉంది.

ఇక నువ్వు మధ్యలో ఇరికించిన అమెరికా ముచ్చట. 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి తవ్వే వేదిక పేలింది, 11 మంది కార్మికులు చనిపోయారు, బావి మూతపడటానికి 87 రోజులు పట్టింది. ఇంతవరకు రాశావు. అసలు కథ దాని తర్వాత ఉంది. సుమారు 70 లక్షల లీటర్ల డిస్పర్సెంట్ వాడారు. అందులో దాదాపు 29 లక్షల లీటర్లు నీటి మీద చల్లలేదు, 1,500 మీటర్ల లోతున బావి మూతి దగ్గరే పైపుతో పంపించారు. అంత లోతున అలా చేయడం అదే మొదటిసారి. మే నెలలో పర్యావరణ సంస్థ ఈపీఏ 'ఇంతకంటే తక్కువ విషమున్నది చూడండి' అంటే, ఆ బావి నడిపిన బీపీ కంపెనీ 'కావలసినంత దొరకడం లేదు' అంది. అక్కడ వాడిన డిస్పర్సెంట్ పేరు కోరెక్సిట్, అందులో ఏమేం కలిపారో జనానికి జూన్ దాకా పూర్తిగా చెప్పలేదు. అప్పటికే పనివాళ్లు నెలకు పైగా దాన్ని పీలుస్తున్నారు.

నవంబరులో శాస్త్రవేత్తలు బావికి 11 కిలోమీటర్ల అవతల, 1,370 మీటర్ల లోతులో పగడాలను చూశారు. వాటి కొమ్మల మీద గోధుమరంగు మెత్తటి తెట్టు పేరుకుని ఉంది. ఆ తెట్టును పరీక్షిస్తే చమురుతోపాటు డిస్పర్సెంట్‌లోని డీఓఎస్ఎస్ అనే రసాయనమూ దొరికింది. మలబద్ధకం మందుల్లో వాడేది కూడా అదేనని కంపెనీ తరఫువాళ్లు చెబుతుంటారు. నిజమే. కానీ మాత్రలో వేసుకోవడం వేరు, చమురుతో కలిసి పగడం మీద నెలల తరబడి కూర్చోవడం వేరు. పైన నీలంగా నవ్విందన్నావే, ఆ నీలం కింద ఇది ఉంది. కథ రాసేదానివి నువ్వు అక్కడికి పోవాలి. పైనుంచి ఫొటో తీసేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ మేనమామ పాత్ర ఆస్పత్రిలో "ఇది చమురు కంటే 52 రెట్లు విషం, మమ్మల్ని చంపేస్తుంది" అంటాడు. ఆ 52 తీసెయ్. అది 2013లో వచ్చిన ఒక ప్రయోగశాల పరిశోధన. నీటిలో ఉండే రోటిఫర్లనే సూక్ష్మజీవుల మీద, చమురూ డిస్పర్సెంటూ కలిపి చూసి చెప్పిన లెక్క. 52 రెట్ల దాకా అన్నారు. దాన్ని మనిషికి అంటగడితే, రేపు కంపెనీవాడు ఆ ఒక్క వాక్యం చూపించి నీ మొత్తం కథను అబద్ధమంటాడు. మనిషి గురించి చెప్పడానికి గట్టి సంగతులు వేరే ఉన్నాయి. కోరెక్సిట్ రకాల్లో ఒకదానిలో 2-బ్యుటాక్సీఇథనాల్ ఉండేది. ఎక్కువ మోతాదులో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. అమెరికా జాతీయ పర్యావరణ ఆరోగ్య సంస్థ, గల్ఫ్ చమురు శుభ్రం చేసే పనికి సంబంధించిన దాదాపు 33 వేల మంది ఆరోగ్యాన్ని ఏళ్లతరబడి చూస్తూ వచ్చింది. డిస్పర్సెంట్ దగ్గర పనిచేసినవాళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగుసుకోవడం, కళ్లు, ముక్కు, గొంతు మంట ఎక్కువగా ఉన్నాయని 2017లో ప్రచురించారు. చమురు పొగా, ఈ మందూ ఒకేసారి పీల్చినవాళ్లు చాలామంది ఉన్నారు, ఏది దేనివల్లో విడదీయడం కష్టం. ఆ కష్టాన్నీ కథలోకి రానియ్. జబ్బు ఉంటుంది, కారణం చేతికి దొరకదు, డాక్టరు "పొగతాగుతావా?" అని అడుగుతాడు. కూలీ జీవితంలో ఇది ఎంత మామూలు!

అవతలి పక్షం వాదనకూ చోటు ఇవ్వు. తెట్టు తేలుతూ ఒడ్డుకు వస్తే పక్షులు చస్తాయి, మడ అడవులు మునుగుతాయి, గుడ్లు పెట్టే చోట్లు పోతాయి. చిన్న చుక్కలైతే బ్యాక్టీరియా తినడం సులువని, బావి మీద నిలబడ్డ ఓడల్లోని మనుషులకు ఆవిర్లు తగ్గుతాయని చెబుతారు. ఇందులో నిజం ఉంది. అందుకే దాన్ని వాడేవాళ్లందరూ దుర్మార్గులని రాయకు. ఒడ్డున పక్షిని కాపాడటానికి నీళ్లలోని చేప గుడ్డును, చేపపిల్లను బలి ఇస్తున్నామని వాళ్లకు తెలుసు. పక్షి ఫొటో పేపర్లో వస్తుంది, చేప గుడ్డు ఫొటో రాదు. నా బాధ అక్కడ.

బాధ గురించి రాయాలంటే ముందు ఆ బాధ ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలి. ఎన్నేళ్లుగానో చెబుతున్నాను, మళ్లీ చెబుతాను. ఏ రసాయనం, ఏ దారిన, ఎవరి ఒంట్లోకి. అది తెలియకుండా రాసే కన్నీళ్లు ఎవరి గురించైనా రాయొచ్చు. ఈ మధ్య మన దగ్గర 'పర్యావరణ కవిత్వం' అని వచ్చేదంతా చూస్తున్నాను. ప్రకృతి తల్లి ఏడుస్తుంది, నది మూగబోతుంది, చెట్టు శపిస్తుంది. మూసీలో ఏ ఫ్యాక్టరీ నీళ్లు ఏ నాలాగుండా కలుస్తాయో ఒక్కరూ రాయరు. సభలో చదివితే చప్పట్లు మాత్రం పడతాయి.

నేను ఫ్లోరైడ్ మీద మొదటిసారి కథ రాసినప్పుడు మర్రిగూడ వైపు ఊళ్లన్నీ తిరిగాను. అక్కడి నీళ్లు చూస్తే అద్దంలా ఉంటాయి, తాగితే ఏ తేడా తెలియదు. ఊట బావులు ఎండిన కొద్దీ బోర్లు రాతిలోకి దిగాయి, ఆ రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే, అంతకు ఎన్నో రెట్లు తాగిన ఊళ్లు మనవి. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి'వాళ్లు పటిక, సున్నం కలిపి నీళ్లు శుద్ధి చేసే పద్ధతి తెచ్చారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్, బయటి దేశాల పుస్తకాల్లో కూడా అదే పేరు. పటిక వేసి తిప్పితే ఫ్లోరైడ్ అడుగున బురదగా దిగుతుంది. పైన తేరిన నీళ్లు తాగొచ్చు. మరి ఆ బురద ఎక్కడ పారబోయాలి? నా కథ అంతా ఆ బురద గురించే. రోజూ దాన్ని ఎత్తిపోసే మనిషి, వాన వస్తే అది ఎటు కొట్టుకుపోతుందో అని అతను పడే టెన్షన్.

ఒక పత్రిక ఎడిటర్ ఆ భాగమంతా కోసేశాడు. "పటిక, సున్నం పాఠకుడికి ఎందుకండీ, వంగిన నడుమూ, వంకర కాళ్లూ చాలు" అని ఉత్తరం రాశాడు. పైగా ఒక తల్లి ఏడుపు తనే కలిపి అచ్చేశాడు. ఆ తల్లి నా కథలో లేదు. కెమెరాలవాళ్లూ అలాగే వచ్చేవాళ్లు, పిల్లల కాళ్లు ఫొటోలు తీసుకుని పోయేవాళ్లు, బోరు లోతెంతని ఒక్కడూ అడగలేదు. నేను ఆ కథను నా చేతిరాతతోనే జిరాక్స్ తీయించి మునుగోడు, చండూరు బడుల్లో పంచాను. ఒక సైన్సు మాస్టారు క్లాసులో చదివి వినిపించాడు. పిల్లలు ఇంటికి పోయి, మన ఊరి బురద ఎటు పోతోందని అడిగారట. ఆ ఎడిటర్ ఇప్పుడు లేడు, ఆ కోపం నాకు ఇంకా ఉంది.

నీ నాలుగో పేజీ గురించి చెప్పాలి. మేనమామ ఇంటికొస్తాడు. మీ అమ్మ అతని చొక్కాను మిగతా బట్టల్లో కలపకుండా వేరుగా ఉతుకుతుంది. ఆ నల్లటి, నురగ నీళ్లు ఎక్కడ పోయాలో తెలియక బకెట్ పట్టుకుని వాకిట్లో నిలబడుతుంది. జామచెట్టు మొదట్లో పోయదు, బర్రె కుడితి దగ్గర పోయదు, మోరీలో పోస్తే కింది ఇంటివాళ్ల బావి గుర్తొస్తుంది. బాగా రాశావు. నీ కథ అది. అక్కడే నిలబడి ఉంటే పగడాల దాకా పోయేదానివి. నువ్వేమో ఆమెను వాకిట్లో వదిలేసి హెలికాప్టర్ ఎక్కావు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, సొంతంగా పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని అడిగావు. అవి తర్వాత.

ఏడో పేజీ నుంచి చివరిదాకా చింపి మళ్లీ రాయి. దసరాకు మేనమామ వస్తాడన్నావు. ఫోన్లో అడిగితే ఏముందిలే అని దాటేస్తాడు, ఎదురుగా కూర్చుని అడుగు. చేతులకు గ్లౌజులు ఇచ్చారా, ఇచ్చినవి జిడ్డుకు జారిపోయాయా? అన్నం తినేముందు చేతులు దేనితో కడుక్కున్నారు, కిరోసిన్‌తోనా, సబ్బుతోనా? ఎత్తిన జిడ్డును ఏ డ్రమ్ముల్లో నింపారు, ఆ డ్రమ్ముల్ని ఏ లారీ ఎటు తీసుకుపోయింది? కూలి రోజుకెంత, పేరు ఏ రిజిస్టర్‌లోనైనా రాసుకున్నారా? దగ్గు అప్పుడు మొదలైందా, అంతకుముందు సిమెంటు పనిలోనే ఉందా? అతను చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ మాటలు కలపకు. రాసుకున్న నోట్సు కూడా కథతో పాటు పంపు. టైపు చేయించకు, నీ చేతిరాత నాకు బాగానే అర్థమవుతుంది.

ఉంటాను.
నల్లగొండ