మలావీ వెళ్తున్న తమ్ముడికీ మరదలికీ

ప్రియమైన తమ్ముడికీ మరదలికీ,

ప్రభువు నామంలో వందనాలు. పరిచర్య కోసం మిమ్మల్ని ఆఫ్రికాలోని మలావీకి పంపడానికి సంఘం ఒప్పుకుందని విని చాలా సంతోషించాను. ప్రార్థన గురించీ వాక్యం గురించీ నేను మీకు చెప్పనక్కర్లేదు. ఇల్లు గురించే రాస్తున్నాను. పరాయి దేశంలో పరిచర్య కుంటుపడేది ప్రసంగం దగ్గర కంటే పిల్లల జ్వరాల దగ్గర, భార్య ఒంటరితనం దగ్గర, కాగితాల దగ్గర ఎక్కువ.

ముందు కాగితాలు. మన క్రైస్తవ ఇళ్లలో పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు ఉండటం మామూలే. అక్కడి సంఘం పంపే ఆహ్వాన పత్రం, మన సంఘం ఇచ్చే లేఖ, పాస్‌పోర్టు, ఈ మూడింటిలోనూ ఒకే పేరు, అవే అక్షరాలు ఉండాలి. అందరూ పిలిచే బాప్తిస్మం పేరు లేఖలో పడిందంటే అక్కడ ఉండి పనిచేయడానికిచ్చే పర్మిట్ అక్కడే ఆగుతుంది. డిగ్రీలు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన సర్టిఫికెట్లు ముందు రాష్ట్రంలో అటెస్ట్ చేయించి, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర, వేయించండి. నైరోబి మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వెళ్తారు కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేశాక ఇచ్చే పసుపు పుస్తకం పాస్‌పోర్టుతోనే ఉంచండి, తిరిగి మన దేశంలో దిగేటప్పుడూ అడుగుతారు. విజిటర్ వీసా మీద వెళ్లి పరిచర్య మొదలుపెట్టవద్దు. ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని పిలిచిన సంఘమే ఇరుక్కుంటుంది.

మలేరియా గురించి మాత్రం జాగ్రత్తగా చదవండి. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం, పిల్లల్లో ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించాలి. 'రేపు చూద్దాం' అనే మాట ఆ ఇంట్లో వినపడకూడదు. రాపిడ్ కిట్ ఇంట్లో ఉంచుకోండి, రెండు గీతలు వస్తే మలేరియా. పరీక్షలో ఏమీ రాకపోయినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. సాధారణంగా ఇచ్చే మందు ఆర్టిమెథర్, లుమెఫాంట్రిన్ కలిసిన మాత్ర, మొత్తం 6 మోతాదులు, 3 రోజులు. మొదటిదానికి 8 గంటల తర్వాత రెండోది, ఆ తర్వాత ఉదయం, సాయంత్రం. మాత్రల సంఖ్య బిడ్డ బరువును బట్టి డాక్టరు చెబుతారు, కాబట్టి మూడు నెలలకోసారి పిల్లల బరువు తూచి రాసిపెట్టండి. పాలతోనో నూనె ఉన్న అన్నంతోనో వేయాలి, ఖాళీ కడుపుతో ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. గంటలోపు కక్కేస్తే మళ్లీ వేయాలి. రెండో రోజుకే జ్వరం తగ్గి బిడ్డ ఆడుకుంటుంది, తల్లిదండ్రులు మందు ఆపేస్తారు. జ్వరం తిరగబెట్టేది అలాగే. అన్నం తినలేకపోయినా, మూర్ఛ వచ్చినా, మగతగా ఉన్నా ఇంట్లో వైద్యం వద్దు, నేరుగా ఆస్పత్రికి. సెలవుకు ఇక్కడికొచ్చాక జ్వరమొస్తే మన ఊరి డాక్టరుతో మొదటి మాటగా 'ఆఫ్రికా నుంచి వచ్చాం' అనండి. చెప్పకపోతే టైఫాయిడ్ అనుకుని రోజులు గడిచిపోతాయి. ఇంకొకటి, మలావీ సరస్సు ఎంత అందంగా ఉన్నా నత్తలుండే ఒడ్డున పిల్లల్ని ఈతకు దించవద్దు. నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా అనే పురుగు జబ్బు వచ్చేది ఆ నీళ్లలోంచే.

ఇక భాష. 1903లో తెలుగు బాప్తిస్టులు నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మిషనరీగా పంపినప్పుడు, ఆయన అక్కడి తోటల్లో పనిచేసే తెలుగువాళ్లకు తెలుగులోనే వాక్యం చెప్పారు. మీకు ఆ సదుపాయం లేదు. అక్కడివాళ్ల భాష చిచేవా రావాలి. మొదటి సంవత్సరం వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు భాషకే ఇవ్వండి. ప్రసంగాలు ఒప్పుకోవద్దు. తమ్ముడూ, ముందు మరదలికి టీచర్ని పెట్టు. తన క్లాసు వేళ పిల్లల్ని నువ్వే చూసుకో. చాలా ఇళ్లలో భర్తకు భాష వస్తుంది, భార్య వంటింట్లో మిగిలిపోతుంది, రెండేళ్లకు ఇల్లే తిరిగి వెళ్దామంటుంది.

నోట్సు తెలుగు అక్షరాల్లో రాసుకోండి, ఇంగ్లీషులో వద్దు. చిచేవాలో ఒత్తు ఉంటే అర్థమే మారుతుంది, మన లిపిలో దానికి అక్షరాలున్నాయి. కొండను 'ఫిరి' అంటారు. ఆ 'ఫ' ఫ్యానులోది కాదు, ఒత్తు పలికే ప. 'ములి బ్వాంజీ' అంటే మీరు బాగున్నారా అని, 'ఉలి బ్వాంజీ' అంటే నువ్వు బాగున్నావా అని. పెద్దవాళ్ల దగ్గర రెండోది నోట రాకూడదు. ఏదైనా ఇచ్చేటప్పుడు కుడి ముంజేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఇవ్వండి.

అక్కడ సువార్త కొత్త కాదు. స్కాట్లాండ్ మిషనరీల లివింగ్‌స్టోనియా మిషన్ 1875లోనే మొదలైంది. సంఘాల్లో మనకంటే ఎక్కువ బాధలు చూసిన పెద్దలున్నారు, వాళ్ల చేతి కింద పనిచేయండి. వాకిట్లో 'ఓడి!' అని పిలుస్తూ సహాయం కోసం వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. చేతికి డబ్బు ఇచ్చే అలవాటు మొదటి నెలే చేసుకోవద్దు. నెలకింత అని పక్కన పెట్టి, ఎవరికి అవసరమో సంఘ పెద్దల్ని అడిగి వాళ్ల ద్వారా ఇప్పించండి. లేకపోతే మీరు కాపరి కాదు, అప్పులిచ్చే షావుకారు అవుతారు. ఆదివారం మీకు పని రోజు కాబట్టి సోమవారం ఇంటికి వదిలేయండి.

పిల్లల చదువు లెక్క ఇప్పుడే వేసుకోండి. ఇక్కడ ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) సీట్లలో లోకల్ కోటాకు వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలనే నియమం ఉంది. ఇవి మారుతుంటాయి, పెద్దవాడు తొమ్మిదిలోకి వచ్చేలోపు ఆ ఏటి నిబంధనలు చదివి తేల్చుకోండి. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో వాక్యం తెలుగులో పిల్లల చేతే చదివించండి, రోజుకు పది వచనాలు చాలు. చదవడం రాని బిడ్డ నానమ్మతో ఫోన్లో రెండు ముక్కలకే ఆగిపోతుంది.

సామాన్లలో కందిపప్పు మోయకండి, కందులు అక్కడే పండుతాయి, నందోలో అంటారు. కుక్కర్ గ్యాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి తప్పకుండా పెట్టుకోండి. కరెంటు తరచూ పోతుంది, బొగ్గుల పొయ్యి మీద వంట నేర్చుకోవాలి.

చివరగా, అమ్మానాన్నల మాట. ఒకరి రానుపోను టికెట్ డబ్బు వేరే ఖాతాలో వేసి ముట్టుకోకండి. నాన్నకేమైనా అయితే ఎవరు వస్తారు, మీరు అందుకోలేకపోతే భూస్థాపన ఎన్ని గంటలు ఆపాలి, ఇవన్నీ బయలుదేరేలోపు నాన్న ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఆయనకే అది తేలిగ్గా ఉంటుంది.

మీ అక్క