బిల్లు 900, చార్టులో 2,700

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్ షాపు. బిల్లింగ్ డేటా ఉబుంటు సర్వర్ మీద మైఎస్‌క్యూఎల్ 8 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. నా విండోస్ ల్యాప్‌టాప్‌లోని పవర్ బీఐ డెస్క్‌టాప్ (చార్టులు, రిపోర్టులు చేసే సాఫ్ట్‌వేర్) నుంచి కనెక్ట్ అవుదామంటే మొదట ఎర్రర్ 2003 వచ్చింది. మా కుర్రాడు సర్వర్‌లో ఏదో మార్చాక ఇప్పుడు 1045 వస్తోంది. పాస్‌వర్డ్ మాత్రం సరైనదే. ఏం చేయాలి? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 2003 అంటే మీ ల్యాప్‌టాప్ అసలు డేటాబేస్ దాకా చేరలేదు. 1045 అంటే చేరింది గానీ లోపలికి రానివ్వలేదు. అంటే మీ కుర్రాడు సగం పని సరిగానే చేశాడు.

మిగతా పాఠకుల కోసం ఆ సగం కూడా చెబుతాం. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ వేయగానే బైండ్-అడ్రస్ (సర్వర్ ఏ చిరునామా మీద వినాలో చెప్పే సెట్టింగ్) 127.0.0.1గా ఉంటుంది, అంటే సర్వర్ తన మాట తనే వింటుంది. మైఎస్‌క్యూఎల్‌డీ.సీఎన్‌ఎఫ్ ఫైల్లో అక్కడ సర్వర్ లాన్ ఐపీ (ఉదాహరణకు 192.168.1.10) రాసి, సర్వీసు రీస్టార్ట్ చేసి, ఫైర్‌వాల్‌లో 3306 పోర్టును ఆఫీసు నెట్‌వర్క్ వరకే తెరవాలి. విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కు ఆ ఐపీ, పోర్టు ఇస్తే చివరి వరసలో ట్రూ రావాలి. ఫాల్స్ వచ్చినంతసేపూ పవర్ బీఐని ముట్టుకోవడం దండగ. ఇంటి నుంచి కూడా చూసుకోవచ్చు కదా అని రౌటర్‌లో 3306ను ఇంటర్నెట్‌కు తెరిచే పని మాత్రం పెట్టుకోకండి. అందుకు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి భద్రంగా వచ్చే దారి) ఉంది.

ఇక 1045. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, పేరూ వచ్చిన చోటూ కలిపి. లోకల్‌హోస్ట్ (అంటే ఆ సర్వరే) నుంచి వచ్చే 'రిపోర్ట్', 192.168.1.% (అంటే 192.168.1తో మొదలయ్యే ఏ ఐపీ అయినా) నుంచి వచ్చే 'రిపోర్ట్' రెండు వేర్వేరు ఖాతాలు, పాస్‌వర్డులూ వేర్వేరే. సర్వర్ మీద కూర్చుని సరిచూసిన పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్ నుంచి చెల్లకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. వచ్చే చోటు 192.168.1.% అని ఇచ్చి కొత్త యూజర్‌ను సృష్టించి, బిల్లింగ్ డేటాబేస్ మీద సెలెక్ట్ హక్కు ఒక్కటే ఇవ్వండి. రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్‌ను రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లో పెట్టకూడదు. చార్టు గీయడానికి చదివే హక్కు చాలు.

పవర్ బీఐ అదనపు కాంపోనెంట్ కావాలని అడిగితే మైఎస్‌క్యూఎల్ కనెక్టర్/నెట్ ఇన్‌స్టాల్ చేసి, పవర్ బీఐని మూసి మళ్లీ తెరవండి. 2059 అనే ఎర్రర్ వస్తే డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడించే ఆ కనెక్టర్) పాతదని అర్థం. మైఎస్‌క్యూఎల్ 8 వాడే పాస్‌వర్డ్ పద్ధతి దానికి తెలియదు. కొత్త డ్రైవర్ వేయండి. సర్వర్‌ను పాత పద్ధతికి దించమనే సలహా మీ చెవిన పడవచ్చు, కానీ ఆ పద్ధతిని మైఎస్‌క్యూఎల్ 9.0లో తీసేశారు.

ప్రశ్న: కనెక్షన్ బాగానే ఉంది. బిల్లుల టేబుల్‌నూ ఐటమ్స్ టేబుల్‌నూ జాయిన్ చేసి నెలవారీ అమ్మకాల చార్టు వేస్తే, క్యాష్ పుస్తకంలో ఉన్నదానికి రెండున్నర రెట్లు చూపిస్తోంది. సాఫ్ట్‌వేర్ లోపమా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కాదండీ. సాఫ్ట్‌వేర్ మీరు అడిగింది అడిగినట్టు కూడింది. 417వ నంబరు బిల్లులో మూడు వస్తువులున్నాయి అనుకుందాం: సబ్బులు 200, నూనె 300, బియ్యం 400. బిల్లుల టేబుల్‌లో దీనికి ఒక్కటే వరస, మొత్తం 900. ఐటమ్స్ టేబుల్‌లో మూడు వరసలు. రెండూ జాయిన్ చేయగానే మూడు వరసలు వస్తాయి, ప్రతి వరసలోనూ బిల్లు మొత్తం 900 అని ఉంటుంది. కూడితే 2,700. మీ దగ్గర రెండున్నర రెట్లు వస్తోందంటే బిల్లుకు సగటున రెండు మూడు వస్తువులు అమ్ముతున్నారన్నమాట!

దీనికి చాలామంది డిస్టింక్ట్ (ఒకేలా ఉన్న విలువలను ఒక్కసారే లెక్కించే మాట) పెట్టి 'సరిచేస్తారు'. అది ఇంకా ప్రమాదం. ఆ రోజు 900 రూపాయల బిల్లులు వేరే నాలుగు ఉంటే అన్నీ కలిసి ఒక్క 900 అయిపోతాయి. అప్పుడు తప్పు తక్కువ వైపు వస్తుంది, దాన్ని ఎవరూ గమనించరు.

వస్తువుల వారీ చార్టుకు ఐటమ్స్ టేబుల్‌లోని వరస మొత్తాన్నే (200, 300, 400) కూడండి. బిల్లుల వారీ, నెలవారీ చార్టుకు బిల్లుల టేబుల్ ఒక్కటే చాలు, జాయిన్ అక్కర్లేదు. రెండూ కావాలంటే పవర్ బీఐలో మెర్జ్ (రెండూ ఒకే టేబుల్‌గా కలపడం) చేయకుండా రెండు టేబుల్స్‌నూ విడివిడిగా లోడ్ చేసి, బిల్లు నంబరు మీద ఒకటికి-అనేకం (ఒక బిల్లుకు ఎన్నో ఐటమ్స్) సంబంధం కలపండి. బిల్లు మొత్తం మీద ఇచ్చిన డిస్కౌంట్ ఐటమ్స్ వరసల్లో ఉండదు కాబట్టి రెండు చార్టుల మధ్య ఆ మేరకు తేడా కనిపిస్తుంది. తేడా వద్దనుకుంటే డిస్కౌంట్‌ను వస్తువుల విలువను బట్టి పంచాలి.

ఇంకో మాట. ఐటమ్‌కు కేటగిరీ రాయకుండా వదిలేసి ఉంటే, కేటగిరీల టేబుల్‌తో చేసే ఇన్నర్ జాయిన్ (రెండు టేబుల్స్‌లోనూ జత దొరికిన వరసలనే ఉంచేది) ఆ అమ్మకాన్ని చప్పుడు చేయకుండా మింగేస్తుంది. లెఫ్ట్ జాయిన్ (జత లేకపోయినా మొదటి టేబుల్ వరసలన్నీ ఉంచేది) వాడి, ఖాళీగా ఉన్నచోట 'కేటగిరీ లేదు' అని పెట్టండి. ఏ చార్టయినా ఎవరికైనా చూపించేముందు ఒక్క రోజు తీసుకుని క్యాష్ పుస్తకంతో రూపాయికి రూపాయి సరిపోల్చండి. నెల మొత్తంతో మొదలుపెడితే తప్పు ఎక్కడుందో దొరకదు.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ నుంచి ఎక్సెల్‌కు ఓడీబీసీ (సాఫ్ట్‌వేర్‌ను డేటాబేస్‌తో కలిపే విధానం) ద్వారా డేటా తెస్తున్నాం. ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, అన్నీ ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి. (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు డేటాబేస్‌లో ఏముందో చూడాలి. ఆ కాలమ్ మీద హెక్స్ ఫంక్షన్ (దాచిన బైట్లను అంకెలు, అక్షరాల్లో చూపేది) నడపండి. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి)లో ప్రతి తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు, అవి ఈ0బీ0 లేదా ఈ0బీ1తో మొదలవుతాయి. ఉదాహరణకు 'అ' ఈ0బీ085. అలా కనిపించి, కాలమ్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఉంటే డేటా క్షేమం, లోపం దారిలో ఉంది. మైఎస్‌క్యూఎల్ ఓడీబీసీ ఇన్‌స్టాలర్ రెండు డ్రైవర్లు వేస్తుంది: ఆన్సీ, యూనికోడ్. మీరు బహుశా జాబితాలో మొదటిదని ఆన్సీ ఎంచుకున్నారు. యూనికోడ్‌తో కొత్త డీఎస్‌ఎన్ (కనెక్షన్ వివరాలు దాచుకునే పేరు) చేయండి.

3ఎఫ్3ఎఫ్3ఎఫ్ అని కనిపిస్తే మాత్రం అక్షరాలు రాసేటప్పుడే పోయాయి. 3ఎఫ్ అంటే నిజంగానే ప్రశ్నార్థకం. వాటిని మళ్లీ టైపు చేయించడం తప్ప దారి లేదు. సీ3ఏ0తో మొదలైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయిందని అర్థం. దాన్ని లాటిన్1కు, అక్కడి నుంచి బైనరీకి, ఆపైన యూటీఎఫ్8ఎంబీ4కు మారిస్తే తెలుగు తిరిగొస్తుంది. ముందు టేబుల్ కాపీ మీద చేసి చూడండి.

డీఎస్‌ఎన్ చేసినా 'ఆర్కిటెక్చర్' తేడా ఉందని ఎక్సెల్ ఎర్రర్ చూపితే, ఎక్సెల్ 32 బిట్టో 64 బిట్టో చూసి అదే డ్రైవర్ వేయాలి. 64 బిట్ ఓడీబీసీ టూల్ సిస్టమ్32 ఫోల్డర్లో ఉంటుంది, 32 బిట్‌ది సిస్‌వావ్64లో. పేర్లు తిరగబడినట్టున్నా విండోస్ వరస అదే.

ప్రశ్న: మా టిఫిన్ సెంటర్ రాత్రి 2 దాకా నడుస్తుంది. 12 దాటాక వేసిన బిల్లులు చార్టులో ముందురోజు తేదీలో పడుతున్నాయి. (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సర్వర్ సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాస్తోంది. మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. అందుకే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 దాకా వేసిన బిల్లులన్నీ నిన్నటివి అవుతాయి. వ్యూ (చార్టులకు డేటా ఇచ్చేలా డేటాబేస్‌లో దాచిన క్వెరీ) రాసేటప్పుడే కన్వర్ట్_టీజెడ్ ఫంక్షన్‌తో +00:00 నుంచి +05:30కి మార్చేయండి, ప్రతి చార్టులోనూ విడిగా కాదు.

అయితే 2 దాకా నడిచే హోటల్‌కు ఒంటిగంట బిల్లు నిన్నటి వ్యాపారంలో పడటమే న్యాయం అనిపించవచ్చు. అలా కావాలంటే మన సమయానికి మార్చాక అందులోంచి 4 గంటలు తీసేసి తేదీ లెక్కించి, దానికి 'వ్యాపార తేదీ' అని వేరే కాలమ్ పెట్టుకోండి. జీఎస్టీ లెక్కలకు మాత్రం బిల్లు మీద అచ్చయిన తేదీనే వాడాలి.