దిండు నేశారా, కుట్టారా, అల్లారా?

సందేహం: గురువుగారూ, ఈ ఎండాకాలం సెలవుల్లో కాటన్ దారాలతో, కొన వంగిన సూదితో క్రోషే చేసి సోఫా మీదకి ఒక దిండు తయారు చేశాను. ముందువైపు పుచ్చకాయ ముక్కలు, అంచు చుట్టూ మల్లెపూలు వచ్చేలా చేశాను. ఫోటో పెట్టి "వేసవి దిండు నేశాను" అని రాస్తే మా పెదనాన్నగారు "నేయడం కాదమ్మా, కుట్టడం అనాలి" అన్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన మా తోటికోడలు "దిండు కాదు మెత్త, కుట్టుడు కాదు అల్లుడు" అంది. ఏది ఒప్పు? "సమ్మర్ థీమ్ డెకరేటివ్ పిల్లో" అనేదాన్ని తెలుగులో ఎలా అనాలి? క్రోషే సూదికి తెలుగు మాట ఉందా? – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు నన్ను కాస్త కోప్పడనివ్వండమ్మా. మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది "నేశాను" కాదు, "క్రోషే చేసి" అన్నది. నేశాను అన్నప్పుడు తప్పో ఒప్పో ఒక తెలుగు క్రియ వాడారు. "క్రోషే చేసి" దగ్గర క్రియే లేదు, ఒక పరాయి నామవాచకానికి "చేయు" తగిలించారు, అంతే. ఇప్పుడు అందరూ ఇదే పని. స్టిచ్ చేశా, నిట్ చేశా, జడని బ్రెయిడ్ చేశా, పూలని స్ట్రింగ్ చేశా. మన ఆడవాళ్లూ మగవాళ్లూ చేతులతో చేసిన ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉన్న భాష ఇది, దూది ఏకుతాం, నూలు వడుకుతాం, తాడు పేనుతాం, బట్ట నేస్తాం, రవిక కుడతాం, ముత్యాలు గుచ్చుతాం, మల్లెపూలు మాల కడతాం, బుట్ట అల్లుతాం, ఇన్ని పెట్టుకుని అన్నిటికీ "చేశా" అంటే ఎలా? క్రోషే అనే మాట వాడొద్దని నేను అనను, వస్తువు బయటినుంచి వచ్చింది, పేరూ దాంతో వచ్చింది, ఉండనివ్వండి. క్రియ మాత్రం మన ఇంట్లోదే వాడండి అంటున్నాను.

ఇక మూడు క్రియల్లో ఏది? మీ తోటికోడలిదే సరైన మాట, అల్లడమే.

నేత అనాలంటే పడుగు ఉండాలి, పేక ఉండాలి. మగ్గం మీద ముందే బిగించిన నిలువు పోగులు పడుగు, నాడెతో అడ్డంగా తోసేది పేక. మీ దిండుకి ఈ రెండూ లేవు. కుట్టు అనాలంటే సూది దేంట్లోకో దిగాలి, అంటే అప్పటికే ఒక గుడ్డో తోలో ఆకో ఉండాలి. విస్తరాకు కూడా కుడతాం కదా, పుల్ల ఆకులో దిగుతుంది కాబట్టి అది కుట్టు. మీ చేతిలో మొదలుపెట్టేనాటికి దారపు ఉండ తప్ప ఏమీ లేదు, సూది దేన్నీ పొడవలేదు. ఉన్న దారమే తన ఉచ్చులోంచి తనే దూరి, మళ్లీ ఉచ్చయి, మళ్లీ దూరి, అలా తన ఒంటిని తనే తయారు చేసుకుంది. సరిగ్గా దీనికే తెలుగువాడు "అల్లు" అన్నాడు. తడిక అల్లుతాం, వల అల్లుతాం, నులకమంచం అల్లుతాం, గిజిగాడు గూడు అల్లుతుంది, గుమ్మడి తీగ పందిరంతా అల్లుకుంటుంది. సాలెపురుగు సంగతి చూడండి, దాని పేరులోనే నేతగాడున్నాడు, అయినా గూడు దగ్గరకొచ్చేసరికి "అల్లింది" అంటాం, మగ్గం లేదని భాషకి తెలుసు. చాప దగ్గర మాత్రం కొంచెం తకరారు ఉంది, తాటాకు చాప అల్లుతాం, తుంగ చాప దారపు పడుగు మీద నేస్తాం, వస్తువు ఒకటే అయినా పనిని బట్టి క్రియ మారింది.

మీ పెదనాన్నగారిని పూర్తిగా తీసిపారేయలేను. సూది అనే మాట ఉంది కాబట్టి కుట్టు మాట గుర్తొస్తుంది, పైగా అల్లే వాళ్లు కూడా లెక్క చెప్పేటప్పుడు ఇన్ని "కుట్లు" వేశాను అంటారు. కానీ తెలుగునాట ఆడపిల్లలకి నేర్పే విద్యని ఏమనే వాళ్లం? "కుట్లు, అల్లికలు". రెండూ ఒకటే అయితే ఆ జంట మాటలో రెండోది ఎందుకు? స్వెట్టరు కుట్టిందని ఎవరూ అనరు, అల్లిందనే అంటారు. ఒక్క చోట మాత్రం పెదనాన్నగారు గెలుస్తారు, ముందు పలకా వెనక పలకా విడివిడిగా అల్లి చివర సూదీ దారంతో నాలుగు వైపులా కలిపి ఉంటే ఆ కలపడం కుట్టే.

ఇక్కడ నరసాపురం మాట ఎత్తకుండా ఉండలేను. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో ఈ పని నేర్పారు. పని కొత్తది, సూది కొత్తది, లేసు అనే మాట కొత్తది. ఆ ఊళ్లలో గడప దిగని ఆడవాళ్లు ఈ పని ఎత్తుకున్నారు, టేబుల్ గుడ్డలు, దిండు ముఖాలు, డాయిలీలు (పళ్లేల కింద వేసే చిన్న లేసు గుడ్డలు) దేశాలు దాటాయి, 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లు పేరైతే తీసుకున్నారు గానీ క్రియ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. "లేసు అల్లిక" అన్నారు. అల్లిన పువ్వుల్ని ఒకదానికొకటి కలిపే పనికి వేరే పేరు పెట్టుకున్నారు, అతుకుపని అని. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే అల్లేదేదో అతికేదేదో విడదీసి చెప్పారు. ఇంత కన్నా ప్రమాణం నాకు అక్కర్లేదు.

అయినా ఇంకో ప్రమాణం చెప్తాను, ఎందుకంటే "అల్లిక" అనే మాట వినగానే నాకు పెద్దన గుర్తొస్తాడు, ఆయన గుర్తొస్తే ఆగడం నావల్ల కాదు. ఒక చాటువు ఉంది, మీరూ వినే ఉంటారు:

అల్లసానివాని యల్లిక జిగిబిగి
ముక్కు తిమ్మనార్యు ముద్దుపలుకు
పాండురంగవిభుని పదగుంఫనంబును
కాకమానురాయ! గాదె నీకె!

నీకు వాళ్ల గుణాలన్నీ ఉన్నాయి అని ఒక కవిని మెచ్చుకోవడం ఇది. అందరూ జిగిబిగి దగ్గర ఆగిపోతారు, నేను మొదటి పాదాన్నీ మూడో పాదాన్నీ పక్కపక్కన పెట్టి చూడమంటాను. చాటువు కట్టినవాడు పెద్దనకి "అల్లిక" ఇచ్చాడు, పాండురంగవిభుడు అన్న తెనాలి రామకృష్ణుడికి "గుంఫనం" ఇచ్చాడు. గుంఫనం అంటే గుచ్చడం, దండ గుచ్చడం. రెండూ దారపు పనులే, అయినా కలపలేదు. గుచ్చిన దండలో పూసలు వేరు, దారం వేరు, ఒక పూస తీసి చూస్తే అది పూసగానే మెరుస్తుంది. అల్లికలో అలా విడదీయడానికి ఉండదు, అక్కడ దారమే పూస, పూసే దారం. రామకృష్ణుడి పద్యంలో ఒక్కో పదం విడిగా చేతిలోకి తీసుకుని చూసుకునేలా ఉంటుంది. పెద్దన పద్యంలో ఒక పదం ముందు పదంలోంచి పైకి లేచి తర్వాతి పదానికి ఉచ్చు వేస్తుంది. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చేరిన పద్యం తీసుకోండి:

అటఁజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపిజాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

ఆకాశాన్ని ముద్దాడే శిఖరం, శిఖరం నుంచి సెలయేళ్లు, సెలయేళ్లలో పొర్లే అలలు, అలల్లో మద్దెల చప్పుడు, ఆ చప్పుడుకి పురి విప్పి ఆడే నెమళ్లు. ఎక్కడైనా ఒక పోగు తెంపగలరా? అంబరం దగ్గర మొదలైన దారం నెమలి దాకా తెగలేదు. "తరంగ"లోని చప్పుడే "మృదంగ"లోకి దూరింది, "కలాప" అనే పురిలోంచి "కలాపి" అనే నెమలి పుట్టింది, ఇక "కరేణు కర కంపిత" దగ్గర ఆడ ఏనుగులోంచి తొండం వచ్చి చెట్టుని ఊపుతుంది. మీరు ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చు లాగారు కదా, ఆయన చేసింది అదే పని. ఎండలు మండుతున్నప్పుడు ఈ చలికొండ పద్యం రెండుసార్లు పైకి చదువుకోండి, ఒంటికి మంచిది.

జిగి అంటే నిగనిగ, బిగి అంటే బిగువు. ఇవి పద్యానికే అనుకుంటారు, దారానికీ వర్తిస్తాయి. మీరు వాడిన కాటన్ దారం మెరుస్తుంటే అది మెర్సరైజ్ చేసిన దారం అయ్యుంటుంది. జాన్ మెర్సర్ అనే ఇంగ్లీషాయన నూలుని కాస్టిక్ సోడాలో ముంచితే గట్టిపడుతుందని కనిపెట్టాడు గానీ మెరుపు పెద్దగా రాలేదు, నూలు ముడుచుకుపోయేది. తర్వాత 1890 ప్రాంతంలో హొరేస్ లో అనే ఆయన, అదే ద్రావకంలో దారాన్ని ముడుచుకోనివ్వకుండా లాగి బిగించి ఉంచితే పట్టులా మెరుస్తుందని తేల్చాడు. అంటే బిగి వల్లే జిగి వచ్చింది. చాటువు కట్టినవాడికి ఆ రసాయనం తెలిసే అవకాశం లేదు, అయినా రెండు మాటల్నీ ఒక సమాసంగా జత కలిపాడు, నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఆనందంగా ఉంటుంది.

"కథలు అల్లకు" అనేటప్పుడు ఇదే క్రియకి అబద్ధం చెప్పడమని అర్థం వస్తుంది, అది తర్వాత వచ్చిన నింద, దాన్ని చూసి అల్లిక తక్కువ మాట అనుకోవద్దు. అల్లుడికీ అల్లికకీ ముడిపెట్టి రెండు కుటుంబాలని అల్లేవాడు అల్లుడు అని ఉపన్యాసాల్లో చెప్పేవాళ్లున్నారు, కన్నడంలో ఆయన "అళియ", అది బంధువాచకాల వరసలో వచ్చిన మాట, వినడానికి బాగుందని వ్యుత్పత్తి అయిపోదు.

దిండా మెత్తా అంటే నేను తీర్పు ఇవ్వను. తెలంగాణలో మెత్త, కోస్తాలో దిండు, తలగడ, కొన్ని ఇళ్లల్లో పారసీ నుంచి వచ్చిన బాలీసు, అన్నీ తెలుగే, మీ తోటికోడలు మీ ఇంట్లో దిండు అననక్కర్లేదు, మీరు వాళ్లింట్లో మెత్త అననక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. తలగడ అంటే తల కిందకే, సోఫాలో నడుముకి ఆనించుకునేదాన్ని తలగడ అంటే ఇబ్బందిగా ఉంటుంది. దిండుకి ఆ ఇబ్బంది లేదు, తమిళంలో "తిండు" అంటే ఆనుకుని కూర్చునే దిండే.

కానీ అమ్మా, ఒక్కమాట అడుగుతాను. మీరు అల్లింది దిండునా, దిండు మీది తొడుగునా? లోపల దూదో ఫైబరో ఉన్న దిండు వేరే ఉండి దానికి తొడిగి ఉంటే మీరు అల్లింది గలేబు. అరబీ "గిలాఫ్" మన నోట్లో పడి గలేబు అయింది, మా చిన్నప్పుడు ఆదివారం వస్తే గలేబులు ఉతికేవాళ్లు, ఇప్పుడు అందరూ పిల్లో కవర్ అంటున్నారు, ఇంత చక్కటి మాట పాతబట్టల మూటలోకి పోయింది. రెండు పలకల మధ్య దూది కూరి మూసేసి ఉంటే అప్పుడు దిండు అల్లాను అనొచ్చు. అలాంటిదైతే మాత్రం బూరుగు దూది కూరండి, వేసవిలోనే కాయలు పగులుతాయి, తేలిగ్గా ఉంటుంది.

"వేసవి దిండు" తప్పు కాదు గానీ అర్థం జారుతుంది. వేసవిలో వాడే దిండా, వేసవి బొమ్మలున్న దిండా? పెళ్లి చీర అంటే పెళ్లిలో కట్టేది, నెమలి చీర అంటే నెమళ్లున్నది, సమాసం ఒకటే, వినేవాడే తేల్చుకోవాలి. వేసవి మాట మాత్రం వదలకండి, వేడి, వేగు, వేచు అన్న మాటల చుట్టం అది, కన్నడం "బేసిగె" దాని తోబుట్టువు, "సమ్మర్" అంటే ఆ వేడి తగలదు. థీమ్ అనే మాటకి తెలుగు వెతకడం దండగ, "ఇతివృత్తం" అని పెడితే దిండు మీద నాటకం ఆడినట్టుంటుంది, దిండుకి సంస్కృతం మాట పెట్టి "అలంకార ఉపధానం" అన్న వాళ్లని నేను దగ్గరకి రానివ్వను. ఉన్నది ఉన్నట్టు "పుచ్చకాయలు, మల్లెపూల దిండు అల్లాను" అనండి, అది వేసవిదని చెప్పకుండానే తెలుస్తుంది, సోఫా మీద ముచ్చటకి వేశారనీ తెలుస్తుంది.

సూది మాటకొస్తే, ఫ్రెంచిలో క్రోషే అంటే చిన్న కొక్కెం, కాబట్టి వస్తువు పేరే సూది పేరు. అక్కడ చివరి టకారం పలకరు, అందుకని క్రోషే అనండి, హిందీ దారిన వచ్చిన క్రోషియా అన్నా సరే, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని "క్రోచెట్" అని మాత్రం రాయకండి. తెలుగు మాటే కావాలంటే మనకి "కొంకి" ఉంది, కొన వంగిన కర్రని కొంకి కర్ర అంటాం కదా, ఆ లెక్కన "కొంకి సూది" అనొచ్చని నా అభిప్రాయం. వాడుకలో నిలబడుతుందో లేదో నేను చెప్పలేను, అల్లే వాళ్లు నాలుగు రోజులు వాడి చూసి చెప్పాలి, అప్పటిదాకా క్రోషే సూది అన్నా తప్పు పట్టను.